ఫౌల్ అయింది... ఎవరూ చూడలేదు!

మా ఆఫీస్ నాలుగో ఫ్లోర్‌లో ఒక పూల్ టేబుల్ ఉంది. గచ్చిబౌలిలో చాలా ఆఫీసుల్లో ఉన్నట్టే. లంచ్ అయ్యాక ఓ అరగంట, సాయంత్రం క్యాబ్ వచ్చేలోపు ఇంకో అరగంట దాని చుట్టూ జనం మూగుతారు. ఎక్కువ మంది అబ్బాయిలే. అమ్మాయిల్లో రోజూ ఆడేది ఇద్దరమే. ఒకరు నేను. రెండోది పక్క టీమ్‌లో ఉండే సీనియర్. మేమంతా ‘అక్కా’ అనే పిలుస్తాం.

అక్కకీ నాకూ మధ్య ఏడాదిగా ఒక లెక్క నడుస్తోంది. గేమ్ రూమ్‌లో ఉన్న వైట్‌బోర్డు మూలన గీతలు గీసుకుంటాం. ఆవిడవి 31, నావి 26. ఎవరూ తుడపకూడదని పక్కనే పెద్దక్షరాలతో రాసి పెట్టాం కూడా.

ఆ శుక్రవారం నా రంగు బంతులన్నీ అయిపోయాయి. ఇక బ్లాక్ వేస్తే గేమ్ నాదే. కానీ వైట్ దూరంగా ఉంది. బాగా ఒంగి, చెయ్యి చాపి కొట్టాలి. చున్నీ నడుముకి కట్టుకోవడం మర్చిపోయా. ఒంగేసరికి దాని అంచు వైట్‌కి తగిలింది. బంతి వెంట్రుకవాసి కదిలింది. అంతే. ఫౌల్.

తలెత్తి చూశా. అక్క ఫోన్‌లో ఏదో మెసేజ్ చూసుకుంటోంది. మిగతావాళ్లు టీవీలో మ్యాచ్ చూస్తున్నారు. నేను చెప్పలేదు. కొట్టా. బ్లాక్ పడింది.

“సూపర్ షాట్ రా!” అంటూ అక్క వచ్చి చెయ్యి కలిపింది. వైట్‌బోర్డు మీద నా పేరు కింద 27వ గీత గీసింది కూడా ఆవిడే.

ఫోన్‌లో 8 బాల్ పూల్ మీరూ ఆడే ఉంటారు. అందులో ఈ తలనొప్పి లేదు. ఫౌల్ అయితే యాపే చెప్పేస్తుంది, వైట్‌ని తీసి అవతలి వాళ్ల చేతిలో పెట్టేస్తుంది. అసలు మన చున్నీ స్క్రీన్ లోపలికి వెళ్లదు కదా! నిజం టేబుల్ దగ్గర అలా కాదు. చాలాసార్లు అక్కడ యాప్ మనమే.

ఆ రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్‌లో పాత పూల్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టా. డబ్బు కోసం, టైటిల్ కోసం ఆడే ఆడవాళ్లు ఇలాంటి చోట ఏం చేస్తారో తెలుసుకోవాలనిపించింది. ఒక్క రాత్రి అనుకున్నది రెండు రోజులైంది.

కుర్చీలో కూర్చోవడమూ ఆటే

ప్రొఫెషనల్ మహిళల పూల్‌లో ఎక్కువగా కనిపించేది 9 బాల్. రూల్ సింపుల్. టేబుల్ మీద ఉన్న బంతుల్లో అతి చిన్న నంబరుకే వైట్ ముందుగా తగలాలి. 9 నంబరు బంతిని రూల్ ప్రకారం ఎవరు పాకెట్‌లో వేస్తే ఆ ర్యాక్ వాళ్లది. ఫౌల్ చేస్తే అవతలి ప్లేయర్ వైట్‌ని చేతిలోకి తీసుకుని, టేబుల్ మీద తనకి నచ్చిన చోట పెట్టుకోవచ్చు. ఆ స్థాయిలో ఒక్క ఫౌల్ అంటే దాదాపు ఒక ర్యాక్ రాసిచ్చినట్టే.

ఈ ఆటలో నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది టేబుల్ కాదు, దాని పక్కనున్న కుర్చీ. టెన్నిస్‌లో అవతలి వాళ్లు కొట్టిన బంతి మన దగ్గరకి వస్తుంది. కబడ్డీలో కూతకి వచ్చినవాళ్లని పట్టుకోవచ్చు. పూల్‌లో ఎదుటి మనిషి టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ మనం కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ ఒక్కటీ మిస్ కాకుండా వేసుకుంటూ పోతుంటే చూస్తూ ఉండాలి. కెమెరా మధ్యమధ్యలో మన మొహం మీదకే వస్తుంది. అప్పుడు మన చేతిలో ఉండేది ఒక క్యూ, ఒక చాక్ ముక్క.

ఆ కుర్చీలోంచి కూడా చెడ్డపని చేయొచ్చు. ఆవిడ గురి చూస్తున్నప్పుడు సరిగ్గా ఎదురుగా కదలడం, నీళ్ల బాటిల్ మూత చప్పుడు చేయడం, ‘ఈ షాట్ కష్టం కదూ’ అని పైకి అనడం. దీన్ని పూల్ భాషలో షార్కింగ్ అంటారు. రూల్స్‌లో ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కిందకి వస్తుంది. కానీ కావాలని చేశారా, మామూలుగా కదిలారా అనేది ఎవరు తేలుస్తారు?

ఇంకో చిత్రమైన రూల్ ఉంది. పూల్ క్యూ రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో మరలా తిప్పి బిగిస్తారు. మ్యాచ్‌ని తేల్చే ర్యాక్‌లో ఎదుటి ప్లేయర్ ఇంకా టేబుల్ దగ్గర ఉండగానే మీరు మీ క్యూని విప్పేశారనుకోండి... మీరు ఓటమి ఒప్పుకున్నట్టే! ఇక అవతలి వాళ్లు తర్వాతి బంతి మిస్ చేసినా లాభం లేదు. ‘ఇక అయిపోయిందిలే’ అని విసుగ్గా క్యూ సర్దుకోవడం కూడా ఒక మాట కిందే లెక్క. చివరి బంతి పడేదాకా కూర్చో, చూడు, తర్వాత లేచి చెయ్యి కలుపు. రూల్ చెప్పేది ఇదే.

అంపైర్ సంగతి మరీ ఆశ్చర్యం. టీవీలో వచ్చే పెద్ద మ్యాచ్‌లు వదిలేస్తే, ప్రతి టేబుల్‌కీ ఒక రిఫరీ ఉండరు. రెండు బంతులు మరీ దగ్గరగా ఉండి ఫౌల్ అవుతుందేమో అన్న అనుమానం వస్తే, షాట్‌కి ముందే రిఫరీని పిలిపించుకుంటారు. మిగతా సమయమంతా ఆడేవాళ్లే ఒకరికొకరు రిఫరీలు. కుర్చీలో ఉన్న మనిషికి కనపడని ఫౌల్‌ని చెప్పాల్సింది చేసిన మనిషే.

ఇది చదివినప్పుడు నా 27వ గీత గుర్తొచ్చింది.

రెండొందల డాలర్ల మాట

నేను ఎక్కువసేపు ఆగిపోయిన కథ జీన్ బలూకాస్‌ది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ అమ్మాయి. ఆరేళ్లకే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో జనం ముందు పూల్ ఆడి చూపించింది. తొమ్మిదేళ్లకి యూఎస్ ఓపెన్‌లో పెద్దవాళ్లతో పోటీపడింది. 1972 నుంచి వరుసగా కొన్నేళ్లు ఆ టైటిల్ ఆమెదే. 1985లో, పాతికేళ్లు దాటీ దాటగానే, అమెరికా బిలియర్డ్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లింది. మగవాళ్ల టోర్నీల్లోనూ దిగి ఆడింది. మహిళల పూల్‌లో ఆమెకి దీటైన మనిషే లేదనుకున్న రోజులవి.

1988లో లాస్ వెగాస్‌లో ఒక టోర్నీ. మ్యాచ్‌లో ఎదుటి ప్లేయర్‌తో మాటామాటా పెరిగింది. మహిళా ప్లేయర్ల సంఘం డబ్ల్యూపీబీఏ దాన్ని క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని తేల్చి 200 డాలర్ల జరిమానా వేసింది. బలూకాస్ కట్టనంది. కట్టలేదు. ఆటే మానేసింది. అప్పటికి ఆమెకి ఇంకా ముప్పై రాలేదు.

ఆ తర్వాత బ్రూక్లిన్‌లో తమ కుటుంబానికి ఉన్న పూల్ హాల్ చూసుకుంటూ ఉండిపోయింది. ప్రొఫెషనల్ పోటీలకి తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. డబ్ల్యూపీబీఏ 1976లో పుట్టింది. ఎక్కడో పైన కూర్చున్న బోర్డు కాదది, ఆడేవాళ్లే కలిసి నడుపుకొనే సంఘం. అంటే బలూకాస్‌కి జరిమానా వేసింది ఆమెతో కలిసి ఆడే వ్యవస్థే. నిన్న ఎదురుగా కుర్చీలో కూర్చున్న వాళ్లే ఇవాళ నువ్వు తప్పు చేశావంటే ఎలా ఉంటుంది? అలాగని చూసీచూడనట్టు వదిలేస్తే, ‘ఛాంపియన్‌కి ఒక రూలు, మాకో రూలా?’ అని మిగతావాళ్లు అడగరా?

ఎవరిది తప్పు అని ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. నాకు అర్థమైంది ఒకటే. ఇది చాలా చిన్న లోకం. క్రికెట్‌లోలా వందలమంది ఉండరు. పై స్థాయిలో ఉండేది కొద్దిమందే. ఈ వారం ఓడించిన మనిషే వచ్చే నెల ఇంకో ఊళ్లో ఎదురవుతుంది. అదే హోటల్, అదే ప్రాక్టీస్ టేబుల్, అదే ఎయిర్‌పోర్ట్. అలాంటి చోట ఒక్క మాట చెడితే దాని నుంచి దూరంగా పోవడానికి జాగా ఉండదు. బలూకాస్‌కి దొరికిన జాగా ఆటని వదిలేయడమే. నష్టం ఆమెకొక్కదానికేనా? ఆమెని ఓడించి గొప్ప అనిపించుకోవాలని ఎదురుచూసిన ప్రతి అమ్మాయికీ నష్టమే.

బ్లాక్ విడో, డచెస్

తర్వాతి తరంలో పోటీ అంటే అందరూ చెప్పే పేర్లు జానెట్ లీ, ఆలిసన్ ఫిషర్.

లీ కూడా బ్రూక్లిన్‌లోనే పుట్టింది, కొరియన్ కుటుంబం. వెన్నెముక వంకరపోయే స్కోలియోసిస్ వ్యాధి. 13 ఏళ్లకి ఆపరేషన్ చేసి వెన్నులో లోహపు కడ్డీలు పెట్టారు. 18 ఏళ్లప్పుడు ఒక పూల్ హాల్‌లో ఆట చూసి అక్కడే అతుక్కుపోయింది. ఇక రాత్రీ పగలూ టేబులే. ఈ ఆటలో గంటలకొద్దీ నడుం వంచి ఉండాలి. ఆ వెన్నుతో అదెంత నరకమో ఊహించుకోండి. నల్లబట్టలు, నల్లటి పొడవాటి జుట్టు, టేబుల్ దగ్గరకి వచ్చాక ఎదుటివాళ్లని మింగేసేలా ఆట. అందుకే ‘బ్లాక్ విడో’ అని విషపు సాలీడు పేరు పెట్టారు.

ఆ పేరు, ఆ రూపం టీవీకి తెగ నచ్చేశాయి. పూల్ తెలియని వాళ్లకీ లీ తెలిసిపోయింది. తోటి ప్లేయర్లలో కొందరికి మాత్రం ఇది మింగుడు పడలేదు. మేం ఏళ్లుగా ఆడుతుంటే కెమెరాలన్నీ నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి చుట్టూనా అన్న కినుక. మన ఆఫీసుల్లో, కాలేజీల్లో మనకి తెలియని కినుకేం కాదు లెండి.

1995లో ఇంగ్లండ్ నుంచి ఆలిసన్ ఫిషర్ దిగింది. అప్పటికే మహిళల ప్రపంచ స్నూకర్ టైటిల్ 7 సార్లు గెలిచిన మనిషి. మొదటిది 17 ఏళ్లకే. స్నూకర్‌లో మహిళలకి వచ్చే డబ్బు అంతంతమాత్రం, అందుకే పూల్ కోసం అమెరికా వచ్చింది. పెద్ద టేబుల్, ఇరుకు పాకెట్లకి అలవాటు పడిన చెయ్యి. పూల్ టేబుల్ మీద ఇక చెప్పాలా? ప్రపంచ 9 బాల్ టైటిల్ 1996, 1997, 1998లో వరుసగా, మళ్లీ 2001లో. ఆమెకీ ఒక పేరు పెట్టారు, ‘డచెస్ ఆఫ్ డూమ్’. మర్యాదగా వచ్చి మట్టికరిపించే జమీందారిణి అన్నమాట.

ఆ పాత మ్యాచ్‌లు చూస్తుంటే సరదాగా ఉంటుంది. ఫిషర్ మొహంలో ఏ భావమూ కనపడదు. ప్రతి షాట్‌కీ అదే నడక, అదే ఒంగడం, గడ్డం క్యూకి ఆనించి అదే గురి. కుర్చీలో నల్లబట్టల్లో లీ. ఈ పోటీలో పేరు ఎక్కువ లీది, గెలుపులు ఎక్కువ ఫిషర్‌వి. అందరూ తననే చూస్తుండగా కుర్చీలో కూర్చుని ఓడిపోవడం... దానికీ ఓ ప్రాక్టీస్ కావాలి కదా.

ఫిషర్‌కి కూడా ప్రశాంతంగా గడవలేదు. ఉత్తర ఐర్లాండ్ అమ్మాయి, 3 సార్లు మహిళల ప్రపంచ స్నూకర్ ఛాంపియన్ కారెన్ కోర్ కూడా ఆమె వెనకే అమెరికా చేరింది. పాత పోటీ కొత్త టేబుల్ మీద మళ్లీ మొదలైంది. 2003లో స్నూకర్ పెద్ద సంఘం మహిళల ఆటకి సాయం ఆపేయడంతో మరో ఛాంపియన్ కెల్లీ ఫిషర్ కూడా ఇటే వచ్చేసింది. ఇంటిపేరు ఒకటే గానీ ఆలిసన్‌కి చుట్టం కాదు. ఒక ఆట చోటివ్వకపోతే ఇంకో ఆటలోకి వచ్చి, అక్కడా ఒకరికొకరు ఎదురు నిలబడ్డ ఆడవాళ్లు వీళ్లు. పోటీదారు అంటే ఒకరకంగా తోటి ప్రయాణికురాలేనేమో అనిపించింది.

లీ కథలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మొదట్లో కొందరికి గిట్టని ఆ బ్లాక్ విడోకే 1998లో డబ్ల్యూపీబీఏ ఆ ఏటి ఉత్తమ క్రీడాస్ఫూర్తి పురస్కారం ఇచ్చింది. 2001లో జపాన్‌లోని అకితాలో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 2013లో హాల్ ఆఫ్ ఫేమ్.

2021లో ఆమెకి నాలుగో దశ అండాశయ క్యాన్సర్ అని బయటపడింది. ముగ్గురు ఆడపిల్లల తల్లి. పిల్లల భవిష్యత్తు కోసం విరాళాలు మొదలుపెడితే పూల్ లోకం కదిలింది. ఒకప్పుడు ఆమె వెలుగు చూసి మొహం చిట్లించిన లోకం కూడా అదే కదా. మరుసటి ఏడాది ఆమె జీవితం మీద ఈఎస్‌పీఎన్ తీసిన డాక్యుమెంటరీ పేరు ‘జానెట్ లీ వర్సెస్’. ఎవరితో అనేది పేరులో లేదు. వెన్నుతో, వ్యాధితో, కినుకతో, ఫిషర్‌తో... అందరితోనూ.

ఫైనల్లో ఎదురు, డబుల్స్‌లో తోడు

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. ఇప్పటి కథ ఒకటి ఫిలిప్పీన్స్‌లో ఉంది. అక్కడ పూల్ అంటే మనకి క్రికెట్‌లాంటి పిచ్చి.

రుబిలెన్ అమిత్ 2009, 2013లో ప్రపంచ 10 బాల్ ఛాంపియన్. 2015లో సింగపూర్‌లో ఆగ్నేయాసియా క్రీడల 9 బాల్ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా తన దేశానికే చెందిన చెజ్కా సెంటెనో. వయసు 15! అంత పెద్ద ఛాంపియన్‌ని ఆ పిల్ల ఓడించేసింది.

మనలో ఎవరైనా అయితే ఏం చేస్తాం? ఆ పిల్లని దూరం పెడతామేమో. 2019 ఆగ్నేయాసియా క్రీడలు సొంత గడ్డ మీద జరిగాయి. మహిళల డబుల్స్‌లో స్వర్ణం గెలిచిన జంట అమిత్, సెంటెనో. డబుల్స్‌లో ఒకరి వైట్ ఆగిన చోటు నుంచి ఇంకొకరు కొట్టాలి. తన తర్వాత ఆడేవాళ్లకి సులువుగా ఉండేలా బంతిని ఆపడం ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద మర్యాద. తనని ఓడించిన అమ్మాయి కోసం అమిత్ ఆ పని చేసింది.

2023లో ఆస్ట్రియాలో సెంటెనో ప్రపంచ 10 బాల్ గెలిచింది. 2024లో న్యూజిలాండ్‌లో అమిత్ ప్రపంచ 9 బాల్ గెలిచింది. 2007లో ఇదే టోర్నీ ఫైనల్లో చైనా ప్లేయర్ పాన్ షియావోటింగ్ చేతిలో ఓడింది. 17 ఏళ్ల తర్వాత, 42వ ఏట ఆ కప్పు అందుకుంది. ఫిలిప్పీన్స్ మహిళకి ఆ టైటిల్ దక్కడం అదే మొదటిసారి.

15 ఏళ్ల పిల్ల వచ్చి ఓడించకపోయి ఉంటే, 42 ఏళ్లకి ఆమెలో ఆ కసి మిగిలేదా? చెప్పలేం. కానీ మనల్ని గట్టిగా ఓడించే ఒక మనిషి దగ్గర్లో ఉండటం అదృష్టమే అని నాకైతే నమ్మకం కుదిరింది.

సోమవారం, నాలుగో ఫ్లోర్

నమ్మకం కుదరడం వేరు, వెళ్లి చెప్పడం వేరు. నిజం చెప్పాలంటే ఆదివారం సాయంత్రం దాకా ‘ఆఫీస్ గేమే కదా, కప్పా ఏమన్నానా’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. భయమేంటంటే, ఇది చెప్తే మిగతా 26 గీతల మీద కూడా ఆవిడకి అనుమానం వస్తుంది. వాటిలో ఒక్కటి కూడా దొంగది కాదని ఎలా నిరూపిస్తాను? ఇక నాతో ఆడటం మానేస్తే ఈ ఫ్లోర్‌లో నేను ఎవరితో ఆడతాను?

లంచ్ తర్వాత అక్క బంతులు పేరుస్తుంటే చెప్పేశా. “అక్కా, శుక్రవారం బ్లాక్ వేసే ముందు నా చున్నీ వైట్‌కి తగిలింది. కదిలింది కూడా. నీకు చెప్పలేదు.”

అక్క పేర్చడం ఆపి నావైపు చూసింది. నవ్వలేదు.

“మూడు రోజులు పట్టిందా?” అంది.

“ఊఁ.”

ఆవిడ వైట్‌బోర్డు దగ్గరకి వెళ్లింది. నా 27వ గీత తుడిచి తన వైపు ఒకటి గీసుకుంది. 32, 26. తిరిగొచ్చి ర్యాక్ తీసేసి, వైట్ నావైపు దొర్లించింది.

“బ్రేక్ నీదే. ముందు చున్నీ కట్టుకో.”

కట్టుకున్నా. ఆ గేమ్ ఓడిపోయా, అది వేరే సంగతి.

ఇది జరిగి రెండు నెలలైంది. అన్నీ మునుపటిలా ఉన్నాయని మాత్రం చెప్పను. నేను దూరపు షాట్‌కి ఒంగినప్పుడల్లా అక్క ఫోన్ పక్కన పెట్టి కుర్చీలో కాస్త ముందుకి జరుగుతుంది. ఆవిడ కళ్లు నా చేతి మీద ఉండవు, వైట్ మీద ఉంటాయి. మొదట్లో గుచ్చుకునేది. ఇప్పుడు, తగిలితే ఆవిడ నోరు తెరిచేలోపే ‘ఫౌల్’ అని నేనే అరుస్తున్నా. పోయిన వారం ఆవిడ కూడా అరిచింది. తన చేతి గాజు వైట్‌కి తగిలిందట. నాకైతే అసలు కనపడనే లేదు.

ప్రస్తుతం స్కోరు 38, 35.